కాగిన తోలు చెప్పే కబురు

కడప జిల్లా వల్లూరు చుట్టుపక్కల పల్లెల్లో మూడు వీధుల అవతల తప్పెట మోగితే ఇంట్లో కూర్చున్న ముసలమ్మ లేచి చూడదు. చేటలో బియ్యం ఏరుకుంటూనే, "పెండ్లి మెరవణి బయల్దేరింది" అంటుంది. ఇంకో రోజు ఇంకో రకం మోత వినిపిస్తుంది. అప్పుడు చేట పక్కన పెట్టి, కొంగు సర్దుకుని, "ఎవరో పోయినారు" అంటుంది. పాటగాడు లేడు, మైకు లేదు, ఎవరూ వచ్చి కబురు చెప్పలేదు. రెండు కట్టెలు, ఒక తోలు, దాని వెనక కొన్ని తరాల చేతివాటం. ఆమెకు అంత చాలు.

ఆ చేతివాటాన్ని సంగీతం అనడానికి మన చదువుకున్న లోకానికి చాలాకాలం మనసు రాలేదు. గుడి లోపల సన్నాయి, డోలు మంగళవాద్యాలు అయినాయి. గుడి బయట తప్పెట మాత్రం చప్పుడుగానే మిగిలింది. తేడా వాద్యంలో లేదు, వాయించేవాళ్లను ఊరు ఎక్కడ నిలబెట్టిందన్న దాంట్లో ఉంది. ఆ సంగతికి వచ్చే ముందు వాద్యాన్ని వాద్యంగా చూడాలి. ఇన్నేళ్లూ దానికి జరగని మర్యాద అదే.

తెలంగాణలో డప్పు అంటారు. కడప, అనంతపురం వైపు తప్పెట, పలక అనే పేర్లు ఎక్కువ. సరిహద్దు దాటి కర్ణాటకలోకి పోతే అదే తమటె, తమిళనాడులో తప్పట్టై, పఱై. శ్రీకాకుళం వైపు గొల్లలు గుండెల మీద కట్టుకుని ఆడే తప్పెటగుళ్లు వేరే వాద్యం, పేరులో పోలికే తప్ప చుట్టరికం లేదు. పఱైకి మాత్రం రాతలో చాలా పాత సాక్ష్యం ఉంది. తమిళుల అతి ప్రాచీన లక్షణ గ్రంథం తొల్కాప్పియం ఒక్కో నేలకు దాని దేవుడు, తిండి, చెట్టు, పిట్టలతో పాటు దాని పఱై కూడా ఉంటుందని లెక్క చెప్పింది. అంటే కొండకు ఒక మోత, పొలానికి ఇంకో మోత. అంత పాత రాతలోనే ఈ మోతకు ఒక చోటు ఉంది.

చేయడం చూస్తే సులువుగా కనిపిస్తుంది. వేప లాంటి కట్టెతో గుండ్రటి చట్రం చేస్తారు, కొన్నిచోట్ల ఇనుప పట్టీ వంచుతారు. మేక తోలును సున్నం కలిపిన నీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు గీకేసి, తడి ఆరకముందే చట్రం మీదికి లాగుతారు. చింతగింజల జిగురు పట్టించి, తోలు వారులతో వెనక బిగించి ఆరబెడతారు. కష్టమంతా ఆ లాగడంలో ఉంది. ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ లాగితే తప్పెట జీవితాంతం రెండు గొంతులతో మాట్లాడుతుంది. తోలులో పలచన, మందం ఎక్కడున్నాయో వేళ్లతో తడిమి తెలుసుకోవాలి. ఆ పని నేర్పే పుస్తకం లేదు. చేసేవాడి పక్కన కూర్చుని చూసినవాడికే అది వస్తుంది.

వాయించే ముందు తప్పెటను మంటకు చూపుతారు. వరిగడ్డో, ఎండుపుల్లలో ముట్టించి, తోలువైపు సెగకు తిప్పుతూ, మధ్యమధ్య వేలితో కొట్టి వింటారు. తోలు గాలిలో తేమ పీల్చుకుంటుంది, తేమకు సడలుతుంది, సడలితే గొంతు కిందికి జారుతుంది. సెగకు ఆ తేమ పోయి తోలు బిగుసుకుంటుంది, గొంతు లేస్తుంది. వీణ వాయించేవాళ్లు బిరడాలు తిప్పి చేసే పనిని తప్పెట కళాకారులు నిప్పుతో చేస్తారు. కొంచెం ఎక్కువ కాగితే తోలు చిట్లుతుంది, తక్కువ కాగితే మొద్దుగా మోగుతుంది. వానాకాలం రాత్రిళ్లు గంటగంటకూ మంట దగ్గరికి వెళ్లిరావాలి. అందుకే మేళం ఎక్కడ ఆగినా ముందు అడిగేది అగ్గిపెట్టె.

ఇక పట్టు. తప్పెటకు కట్టిన తాడు ఎడమ భుజానికి తగులుతుంది, చట్రం ఛాతీకి ఆని ఉంటుంది. ఎడమ చెయ్యి చట్రం పైఅంచును పట్టుకుని, అదే చేతి వేళ్ల మధ్య ఒక సన్నటి పుల్లను నిలుపుతుంది. దాన్ని సిటికెన పుల్ల అంటారు. కుడిచేతిలో పొట్టిగా, లావుగా ఉండేది సిర్ర. సిర్ర తోలు నడిమధ్య పడితే గుండెలో మోగుతుంది, అంచుకు జరిగితే గొంతు పదునెక్కుతుంది. సిటికెన పుల్ల ఆ దెబ్బల మధ్య ఖాళీలను చిటపటలతో నింపుతుంది. ఒకే తోలు మీద రెండు చేతులు రెండు వేరువేరు పనులు చేస్తుంటాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ముందు ఎడమచెయ్యే మాట వినదు. సిర్ర వారంలో పట్టుబడినా, సిటికెన పుల్ల పలకడానికి నెలలు పడుతుంది.

పిల్లలకు పాఠం నోటితోనే. 'డండనక' అనే మాట తెలుగు నాలుక మీద ఊరకే పుట్టలేదు. ఏ చేతి దెబ్బ తర్వాత ఏ చేతి దెబ్బ పడాలో అక్షరాలుగా పలికించి, నోరు తిరిగిన తర్వాతే చేతికి కట్టె ఇచ్చే పద్ధతి అది. మృదంగానికి సొల్లుకట్టు ఎలాగో తప్పెటకు ఇది అలాగ. ఒకదాన్ని శాస్త్రం అన్నారు, రెండోదాన్ని కూత అన్నారు.

మేళంలో నలుగురు ఉండొచ్చు, ఇరవై మంది ఉండొచ్చు. ఒకరు ముందుండి నడిపిస్తారు. దరువు మారాలంటే ఆయన నోరు తెరవడు. నడుస్తున్న వరసలో ఒక దెబ్బను కావాలని విరిచి కొడతాడు, మిగిలినవాళ్లు మరుసటి ఆవర్తంలో కొత్త దరువు అందుకుంటారు. అంతా వలయంగా తిరుగుతూ, వంగుతూ, ఒకరి కళ్లలో ఒకరు చూసుకుంటూ అడుగులు వేస్తారు. అడుగు తప్పినవాడికి దెబ్బ తప్పుతుంది, అందుకే తప్పెట విద్యలో ఆటను వాయింపును విడదీయలేరు. పెండ్లి మెరవణిలో దరువు నడకకు తగ్గట్టు నిదానంగా, పేరంటాళ్లు తోసుకోకుండా సాగుతుంది. గంగమ్మ జాతరలో అది మెట్టుమెట్టుగా వేగం పుంజుకుంటుంది. పూనకం వచ్చిన మనిషి పాదాలను గమనిస్తూ వాయిస్తారు. ఆ పాదం తడబడితే దరువు వెనక్కి తగ్గి ఆ మనిషిని మెల్లగా నేల మీదికి దించుతుంది. సాగనంపేటప్పుడు తప్పెట పాడెకు ముందు నడుస్తుంది. దింపుడు కళ్లెం దగ్గర పాడె దించి, పోయిన మనిషి చెవిలో అయినవాళ్లు పేరుపెట్టి పిలిచే వేళకు చాలా ఊళ్లలో మేళం ఆగుతుంది. దారి పొడుగునా మోగిన చోట ఒక్కసారి కమ్ముకునే ఆ నిశ్శబ్దం కూడా మేళం పనే.

రాయలసీమలో తప్పెటను పూర్తి బలంతో వినాలంటే పీర్ల పండుగకు రావాలి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో మొహర్రం ఒక్క ముస్లింల పండుగే కాదు. హుసేనప్ప, పీరయ్య, కుళ్లాయప్ప అని హిందువుల ఇళ్లలో పేర్లు పెట్టుకునే సీమ ఇది. చిన్న సరిగెత్తు, పెద్ద సరిగెత్తు అనే పండుగ రాత్రుల్లో పీర్ల చావిడి ముందు గుండం రాజుకుంటుంది. ఆ నిప్పుల దగ్గరే తప్పెటలు కాగుతాయి, ఆ నిప్పుల చుట్టూనే ఊరు అడుగులేస్తుంది. పీర్లు ముస్లింలవి, మొక్కులు అందరివీ, తప్పెట మాదిగలది. మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ రాత్రి నడవదు. మత సామరస్యం గురించి సభల్లో చెప్పే మాటలకంటే ఈ గుండం దగ్గర గడిపిన ఒక రాత్రి ఎక్కువ నేర్పుతుంది. పొరుగున అనంతపురం జిల్లాలో ఇంకో అద్భుతం ఉంది: ఉరుములు. ఆ వాద్యానికి ఒక ముఖాన్ని కట్టెతో కొడతారు, రెండో ముఖాన్ని వంకర కట్టెతో రుద్దుతారు. ఆ రుద్దుడుకు పుట్టే గుర్రుమనే మోత వాన ముందు ఆకాశంలో వినిపించేదే.

మాట లేకుండా మోతతోనే మనుషుల్ని కదిలించడం మన సీమ ఒక్కదాని సొత్తు కాదు. 1958లో అమెరికాలో లింక్ రే అనే గిటారిస్టు 'రంబుల్' అనే రికార్డు వేశాడు. అందులో పాట లేదు, ఒక్క అక్షరం లేదు. అయినా కుర్రకారు వీధి కొట్లాటలకు దిగుతారన్న భయంతో న్యూయార్క్, బోస్టన్ రేడియోల్లో దాన్ని నిషేధించారు. ఆ గరగర గొంతు కోసం ఆయన ఆంప్లిఫయర్ స్పీకరుకు పెన్సిలుతో చిల్లులు పొడిచాడు. తప్పెటవాళ్లు నిప్పుతో చేసే పనికి అది దూరపు బంధువు. 1974లో న్యూయార్క్‌లో మొదలైన రమోన్స్ బృందం 1976లో తెచ్చిన తొలి ఆల్బమ్‌లో 14 పాటలు అరగంటలోపే అయిపోతాయి. సంగీత కళాశాల గడప తొక్కకుండా, ఉన్న కొద్ది వాద్యాలతో, పూర్తి బలంతో వాయించే ఆ పద్ధతికి పంక్ అని పేరొచ్చింది. 1990ల మొదట్లో అలబామాలోని ఆబర్న్‌లో పుట్టిన 'మ్యాన్ ఆర్ ఆస్ట్రో-మ్యాన్?' లాంటి బృందాలు పాటగాణ్ని కూడా పక్కన పెట్టి, ఆ వేగాన్ని ఎక్కువగా వాద్యాలతోనే చూపించాయి. లింక్ రేను రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ 2023లో గుర్తించింది. అప్పటికి ఆయన చనిపోయి పద్దెనిమిదేళ్లు.

పంక్ కుర్రాళ్లు ఆ మోతను తామే ఎంచుకున్నారు. తప్పెట వాయించేవాళ్లకు తరతరాలుగా ఆ ఎంపిక లేదు. ఊరికి చావు వస్తే వెళ్లాలి, చాటింపు వేయమంటే వేయాలి, జాతరకు రమ్మంటే రావాలి. కూలి కొలత ఊరి దయ. వెట్టిగా వాయించం అన్నవాళ్లు వెలివేతలూ దెబ్బలూ చూశారు. ఇంగ్లీషులో వెలివేసిన మనిషిని 'పరియా' అంటారు. ఆ మాట పఱై వాయించే పఱైయర్ల పేరు నుంచి వెళ్లింది. ఒక వాద్యం పేరు సముద్రాలు దాటి తిట్టుగా స్థిరపడిపోయింది. అందుకే దళితుల్లోనే ఒక తరం, ఇది బానిసతనపు గుర్తు, పారేయండి అన్నది. ఆ కోపంలో న్యాయం ఉంది.

ఇంకో తరం దాన్నే భుజాన వేసుకుని తన కోసం మోగించింది. జననాట్యమండలి వేదికల మీద గద్దర్, ఆయన సహచరులు డప్పును పోరాటపు గొంతు చేశారు. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టినప్పుడు, ఆ ఉద్యమానికి జనం నోట స్థిరపడిన పేరు దండోరా. ఊరి పెద్దల చాటింపులు మోసిన మాట, ముప్పై ఏళ్ల పాటు తమ వాటా తమకు ఇమ్మని అడిగే మాటగా మారింది. 2024 ఆగస్టు 1న ఎస్సీ వర్గీకరణ రాష్ట్రాలు చేసుకోవచ్చని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. డప్పుల మోత లేకుండా ఆ ఉద్యమపు ఒక్క ఊరేగింపును కూడా ఊహించలేం.

గుర్తింపు కూడా ఆలస్యంగా మొదలైంది. కర్ణాటకలో తెలుగు వినిపించే చిక్కబళ్లాపుర జిల్లాకు చెందిన తమటె కళాకారుడు పిండిపాపనహళ్లి మునివెంకటప్పకు 2023లో పద్మశ్రీ వచ్చింది. మదురై ప్రాంతపు పఱై గురువు వేలు ఆశాన్‌కు 2025లో అదే గౌరవం దక్కింది. ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారుల పింఛను 2024లో నెలకు 3,000 నుంచి 4,000 రూపాయలకు పెరిగింది. వయసు మళ్లిన చేతులకు ఇది ఆసరా, కాదనలేం. కానీ పింఛను కళాకారుణ్ని బతికిస్తుంది, దరువును బతికించేది నేర్చుకునే పిల్లవాడు.

ఆ పిల్లవాడి ముందు ఇప్పుడు రెండు పోటీలు ఉన్నాయి. ఒకటి డీజే పెట్టెలు. రెండోది ప్లాస్టిక్. ఫైబర్ ముఖం వేసిన తప్పెటకు మంట అక్కర్లేదు, వానకు సడలదు, బరువూ తక్కువే. వాయించేవాళ్ల కష్టం తగ్గింది కాబట్టి దాన్ని తప్పు పట్టే హక్కు వినేవాళ్లకు లేదు. అయితే ఆ ముఖానికి ఒకటే గొంతు, అది ఎప్పుడూ గట్టిగానే అరుస్తుంది. నడిమధ్య లోతు, అంచు పదును అనే తేడా అందులో పలచబడిపోతుంది. తేడా పోతే నిదానపు దరువులు ముందు పోతాయి, ఎందుకంటే అవి బతికేదే ఆ తేడా మీద. పెండ్లి మోతకూ చావు మోతకూ మధ్య గీత చెరిగిపోతే, చేటలో బియ్యం ఏరుకుంటున్న ఆ ముసలమ్మ కూడా లేచి వీధిలోకి వచ్చి చూడాల్సిందే.

ఆ గీత చెరగకుండా మనం చేయగలిగిన పని ఉంది. ప్రొద్దుటూరు దసరా సీమంతటా పేరున్న పండుగ. తొట్టి మెరవణి అనే ఊరేగింపు చూడటానికి చుట్టుపక్కల మండలాలన్నీ కదిలివస్తాయి, దూరదూరాల నుంచి కళాబృందాలను పిలిపిస్తారు. ఆ వరసలో వల్లూరు, జమ్మలమడుగు, పులివెందుల పల్లెల తప్పెట మేళాలకు ముందు చోటు ఇవ్వాలి. నిప్పుకు కాగిన తోలు మేళాలకు, ఊరి పేరు చెప్పి, కళాకారుల పేర్లు చెప్పి, దూరం నుంచి వచ్చినవాళ్లకు ఇచ్చినంత కూలి ఇచ్చి. ఈ నాలుగు మండలాల్లో ఎన్ని దరువులున్నాయో, ఏ దరువు ఏ సందర్భానిదో ఒక్కో ఊరు తిరిగి రికార్డు చేయడం పెద్ద ఖర్చున్న పని కూడా కాదు. ఇవాళ ప్రతి జేబులో ఫోన్ ఉంది. ఈసారి పీర్ల పండుగకు ఊరికి వెళ్లేవాళ్లు గుండం దగ్గర పది నిమిషాలు ఆగి, మేళం ముందుండి నడిపించే పెద్దాయనను అడిగి, ఆయన చేతుల్ని దగ్గరగా చిత్రీకరించండి. ఆ దరువు పేరు, ఆయన పేరు, నేర్పినవాళ్ల పేరు ఆయన నోటితోనే చెప్పించి దాచిపెట్టండి.