గాడి తప్పని షట్టర్లు

గోదావరి డెల్టా కాలువల మీద నీటిని పంచేది షట్టరు. రాతి కట్టడానికి రెండు పక్కలా నిలువు గాడులు, వాటి మధ్య పైకీ కిందికీ జరిగే పలక, దాన్ని ఎత్తి దించే మరకడ్డీ, కింద పలక ఆనే గడప. చూడ్డానికి ఇంతే. అయితే ఈ పలక నుంచి రెండు పొత్తు కుదరని పనులు కోరతారు. దించినప్పుడు చుక్క నీరు కారకూడదు, ఎత్తినప్పుడు ఎక్కడా పట్టుకోకూడదు. గాడికీ పలకకూ మధ్య సందు పెరిగితే మొదటిది చెడుతుంది, తగ్గితే రెండోది. ఈ సందును సరిగ్గా నిలబెట్టడమే డెల్టా లాకుల దగ్గర పని చేసే మేస్త్రీలూ లస్కర్లూ తరాలుగా చేస్తూ వస్తున్న విద్య.

1847లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలుపెట్టాడు. 1852 నాటికి అది పూర్తయింది. నది అక్కడ నాలుగు పాయలుగా చీలుతుంది గనుక ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం వైపుల నాలుగు ముక్కలుగా కట్టారు. పనిలో కాటన్‌కు కుడిభుజంగా నిలిచినవాడు వీణం వీరన్న. ధవళేశ్వరంలో తూర్పు డెల్టా కాలువకూ, బొబ్బర్లంకలో మధ్య డెల్టాకూ, విజ్జేశ్వరంలో పశ్చిమ డెల్టాకూ తలతూములున్నాయి. అక్కడి నుంచి నీరు లొల్ల లాకుల వంటి చోట్ల చీలుతూ, చిన్న చిన్న తూముల గుండా సుమారు 10 లక్షల ఎకరాలకు చేరుతుంది. 1970లో మొదలై 1982లో పూర్తయిన కొత్త బ్యారేజీకి 175 గేట్లున్నాయి. జనం చూపు, వార్తలు ఎప్పుడూ వీటి మీదే. పొలానికి నీరందడం, అందకపోవడం మాత్రం కాలువల మీది పేరులేని షట్టర్లలోనే ఎక్కువగా తేలుతుంది.

షట్టరు ఎందుకు మొరాయిస్తుందో తెలియాలంటే ముందు నీటి ఒత్తిడి లెక్క చూడాలి. 2 మీటర్ల వెడల్పున్న పలక వెనక 2 మీటర్ల లోతు నీరు నిలిచి, ముందు వైపు ఖాళీగా ఉంటే దాని మీద పడే బరువు సుమారు 4 టన్నులు. లోతు రెట్టింపయితే బరువు నాలుగింతలవుతుంది. ఆ బరువంతా పలకను గాడి దిగువ ముఖానికి అదిమి పట్టి ఉంచుతుంది. నీరు కారకుండా ఆపేది ఈ అదుమే, ఎత్తేటప్పుడు అడ్డుపడేదీ ఇదే. గాడి ముఖాలు నున్నగా, జిడ్డు పట్టి ఉంటే ఆ బరువులో నాలుగో వంతు లాగుడుతో, అంటే ఒక టన్నుతో, పలక కదులుతుంది. తుప్పు పట్టి గరుకెక్కితే సగం దాకా, రెండు టన్నుల దాకా లాగాలి. పలక సొంత బరువు దీనికి అదనం. అందుకే పాత కట్టడాల్లో గాడికి ఇత్తడి పట్టీలు బిగించేవారు. ఇనుము మీద ఇత్తడి జారినంత తేలిగ్గా ఇనుము మీద ఇనుము జారదు, ఇత్తడి తుప్పు పట్టదు కూడా. పెద్ద గేట్లకు ఈ పద్ధతి చాలదు గనుక 19వ శతాబ్దంలో ఐర్లండు ఇంజనీరు స్టోనీ పలకకూ గాడికీ మధ్య ఉక్కు దొర్లుళ్లు పెట్టే ఏర్పాటు తెచ్చాడు. జారుడు పోయి దొర్లుడు వచ్చింది, రాపిడి ఒక్కసారిగా తగ్గింది. కాలువ తూములకు అంత హంగు అవసరం లేదు. అక్కడ ఇప్పటికీ జారుడు పలకలే.

కదలని షట్టరు దగ్గర మొదట వేయాల్సిన ప్రశ్న ఒకటే: ఎప్పుడు కదలడం లేదు? కాలువ నిండుగా ఉన్నప్పుడు మొరాయించి, నీరు తగ్గాక తేలిగ్గా లేచే పలకకు కొలతల్లో దోషం లేదు. ముఖాల గరుకుతనమే కారణం. నీరు లేకపోయినా కదలకపోతే గాడి వంకరైనా పోయి ఉండాలి, పలక అయినా ఉబ్బి ఉండాలి. టేకు పలకలు వాడిన చోట ఇది మామూలే. ఎండలో తగినంత సందుతో కోసిన చెక్క నీట మునిగాక అడ్డంగా ఉబ్బుతుంది. అనుభవమున్న వడ్రంగి ఆ ఉబ్బుకు చోటు వదిలే కోస్తాడు. ఎప్పుడూ ఒకే ఎత్తుకు వచ్చి ఆగిపోయే పలక మరో కథ చెబుతుంది. ఆ ఎత్తున గాడిలో రాయి పొంగడమో, పట్టీ మేకు బయటికి రావడమో, తుప్పు పొర కట్టడమో జరిగి ఉంటుంది. ఇలాంటి చోట పలకను కోసి సన్నం చేయడం తప్పు వైద్యం. రోగం ఒక్క చోటుంటే, సందు మాత్రం గాడి పొడవునా పెరిగి కారుడు మొదలవుతుంది.

అన్నిటికన్నా ఎక్కువగా అపార్థం చేసుకునేది పలక ఒరిగి బిగుసుకోవడం. వెడల్పైన షట్టర్లకు రెండు మరకడ్డీలుంటాయి. ఒక వైపు చక్రం నాలుగు చుట్లు ఎక్కువ తిరిగిందంటే పలక ఏటవాలవుతుంది. పై మూల ఒక గాడిలో, కింది మూల ఎదుటి గాడిలో పొడుచుకుంటాయి. ఒక చివరే పట్టి లాగిన మేజా సొరుగు చిక్కుకున్నట్టే. గాడిలో పలక ఎత్తు తక్కువై, వెడల్పు ఎక్కువైన కొద్దీ ఈ బెడద పెరుగుతుంది. తుప్పు చేరితే మరీ ఎక్కువవుతుంది. ఇక్కడ బలం పనికిరాదు. ఎంత లాగితే మూలలు అంత గట్టిగా నొక్కుకుంటాయి, రాపిడి లాగుడుతో పాటే పెరుగుతుంది. గడ్డపారతో ఎత్తిపొడిచినా, నలుగురు కలిసి చక్రం తిప్పినా విరిగేది గేరు పన్నే. లేచిన వైపును కొంచెం దించి, పలకను సమం చేసి, అప్పుడు రెండు చక్రాలనూ ఒకే లెక్కన తిప్పడమే దారి. కడ్డీల మీద రంగుతో గుర్తులు వేసి ఉంచితే ఈ చిక్కు సగం రానే రాదు. ఇంత చవకైన జాగ్రత్తను ఇంత తరచుగా వదిలేసే పని మరొకటి ఉండదేమో.

మరకడ్డీ గురించి తెలియాల్సింది మరొకటుంది. లాగుడుకు అది ఎంత గట్టిదో, తోపుడుకు అంత బలహీనం. పొడుగాటి సన్నని కడ్డీని పై నుంచి నొక్కితే నడుము వంగుతుంది. పలక దిగుతూ గడప దగ్గర కర్రముక్క మీదో, గుర్రపు డెక్క ముద్ద మీదో ఆగినప్పుడు ‘ఇంకొంచెం’ అంటూ చక్రం తిప్పడం వల్లే చాలా కడ్డీలు వంగుతాయి. వంగిన కడ్డీ ఆ తర్వాత ప్రతిసారీ పలకను ఒక పక్కకు తోస్తుంది. చూసేవారు గాడిని తప్పు పడతారు. సరైన పద్ధతి వేరు: పలకను జానెడు ఎత్తి వదిలితే కిందగా దూసుకుపోయే నీరే చెత్తను ఊడ్చేస్తుంది. అప్పుడు మళ్లీ దించాలి. చక్రం తిరుగుతున్నా పలక కదలకపోతే మరనట్టు అరిగిందని అర్థం. కడ్డీ కన్నా నట్టును మెత్తటి లోహంతో చేసేది అందుకే. అరిగితే చవకది అరగాలి.

కారుడును ధార పడే చోటును బట్టి పోల్చవచ్చు. గడప పొడవునా పలచటి తెరలా కారితే కింద ఒండ్రు పేరుకుంది. ఒక్క కింది మూల నుంచే చిమ్మితే పలక ఒరిగి కూర్చుంది. పక్కన నిలువు గీతలా కారితే రబ్బరు పట్టీ గట్టిపడి పగిలింది, లేదా గాడి ముఖం అరిగింది. మొదటి రెండింటికీ మరమ్మతు అక్కర్లేదు, మళ్లీ ఎత్తి దించితే చాలు. నీరున్నప్పుడు తాత్కాలికంగా ఆపాలంటే ఎగువన వరిగడ్డి కలిపిన బంకమట్టి వదులుతారు. కారుడే దాన్ని సందులోకి లాక్కుంటుంది.

పడవలు దాటే లాకు తలుపుల సంగతి కొంత వేరు. రెండు రెక్కలు ఎగువ వైపు మొన తేలేలా కలుసుకుంటాయి, నీటి ఒత్తిడే వాటిని ఒకదానికొకటి అదిమి మూస్తుంది. లియొనార్డో డావించీ కాలం నాటి ఆలోచన ఇది. రెక్క బరువుకు పై బందు సాగి, అంచు కిందికి వాలడం దీనికి వచ్చే ప్రధాన రోగం. వాలిన అంచులు పైన కలిసి కింద విడిపోతాయి, లేదా అడుగు గడపను రాసుకుంటాయి. అంచు కర్రను చెక్కే ముందు బందును బిగించి చూడాలి. పడవల రాకపోకలు పోయాక చాలా చోట్ల ఈ తలుపుల మీద శ్రద్ధ కూడా పోయింది.

సముద్రం దగ్గరి మురుగు కాలువల తూములకు ఉప్పునీరు శత్రువు. గాడిలో రాపిడి తగ్గించిన ఇత్తడే ఇక్కడ చేటు తెస్తుంది. ఉప్పునీటిలో ఇనుము ఇత్తడిని తాకి ఉంటే ఇనుము వేగంగా తినుకుపోతుంది. మంచినీటి తూముకు నప్పిన వైద్యాన్ని ఉప్పుటేరు పక్కకు మోసుకెళ్లకూడదు.

సరిపాటు పనంతా జరగాల్సింది దాళ్వా కోతలయ్యాక కాలువలు కట్టేసే వేసవిలో. గాడి మీద గుండు వేలాడదీసి నిలువు చూస్తారు. రెండు గాడుల మధ్య దూరాన్ని పైన, నడుమ, అడుగున కొలుస్తారు. మూడు కొలతలూ ఒకటి కాకపోతే లోపం గాడిదే, పలకది కాదు. పట్టీల మీద నూనెలో కలిపిన దీపపు మసి పల్చగా రాసి పలకను ఒకసారి ఎత్తి దించితే మసి చెరిగిన చోటే ఒరుసుకుంటున్న చోటు. ఆకురాయి అక్కడే పెట్టాలి. పలక దించి అవతలి వైపు దీపం వెలిగిస్తే వెలుతురు కనిపించే సందులు రేపు నీరు కారే సందులు. తుప్పు గోకి, ఎర్రరంగు పూసి, మరకడ్డీ పాత గ్రీజు పూర్తిగా తీశాకే కొత్తది రాయాలి. ఇసుక పట్టిన పాత గ్రీజు మీద కొత్తది రాస్తే అది ఆకురాయిలా మరలను అరగదీస్తుంది.

ఈ పనికి పెద్ద నిధులు కావు, వరసగా కొన్ని వారాల తీరిక కావాలి. కొత్త షట్టర్ల కొనుగోలుకు దొరికే ప్రాధాన్యం పాత గాడుల శుభ్రతకు దొరకడం లేదు. వంకర గాడిలో కొత్త పలక దించితే పాత తగువే మళ్లీ మొదలవుతుంది, దాని ఫలితం ముందు శివారు పొలాల్లో కనిపిస్తుంది. కాలువ కట్టేసిన రోజుల్లో ప్రతి షట్టరునూ పైదాకా ఎత్తి, గడప దాకా దించి చూడటం, సార్వా నీరు వదిలాక నిండు ఒత్తిడి మీద మరోసారి చూడటం తప్పనిసరి. జూన్‌లో కాలువ నిండాక గాడి అడుగుకు చెయ్యి అందేది మళ్లీ వచ్చే వేసవికే.