రాత్రి రెండింటి అలారం

శనివారం రాత్రి నా ఫోనులో మూడు అలారాలు పెట్టి ఉంటాయి. పన్నెండుకు, రెండింటికి, నాలుగింటికి. మోగగానే లేచి, పక్క మంచం మీది నా దోస్తును ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పుతాను. మోకాళ్ల మధ్య ఒక దిండు, వీపు వెనకాల ఒకటి, మడమలు పరుపుకు ఆనకుండా పిక్కల కింద మడతపెట్టిన దుప్పటి. అయిదు నిమిషాల పని. ఆ ఒక్క రాత్రి అతని భార్య తెల్లారేదాకా పడుకుంటుంది.

అతను గీత కార్మికుడు. మీసాలు రాకముందు నుంచే చెట్లెక్కినవాడు. మూడేళ్ల కిందట మోకు జారి తాటిచెట్టు మీది నుంచి పడ్డాడు. వెన్నుపూస విరిగి, లోపలి వెన్నుపాము నలిగింది. మా చుట్టుపక్కల ఊళ్లలో ఇలా మంచాన పడ్డవాళ్లను నేనే నలుగురిని ఎరుగుదును. 2024లో ప్రభుత్వం ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో గీత కార్మికులకు సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మావాడు అప్పటికే పడిపోయి ఉన్నాడు.

పడ్డ రోజు మేం నలుగురం కాళ్లూ చేతులూ పట్టి ఎత్తి ఆటోలో కూర్చోబెట్టాం. కదపకుండా ఉంచి 108 కోసం ఆగాలని, తప్పనిసరైతే నడుము వంగకుండా చెక్క మీద పడుకోబెట్టాలని మాలో ఒక్కరికీ తెలియదు. ఆ ఎత్తడం వల్ల ఎంత నష్టం జరిగిందో ఏ డాక్టరూ తేల్చి చెప్పలేదు. ఆటోలో అతను పెట్టిన కేక మాత్రం నా చెవుల్లో ఉంది. చెట్టు మీది నుంచి పడ్డవాణ్ని దయచేసి లేపి కూర్చోబెట్టకండి.

ఆపరేషన్ చేసిన ఆసుపత్రి రాడ్లు వేసి, మందులు రాసి, పన్నెండో రోజున ఇంటికి పంపింది. ఎలా తిప్పాలో, మూత్రం ఎలా తీయాలో ఎవరూ చూపించలేదు. నెల తిరక్కముందే నడుము కింది ఎముక మీద పుండు పడింది. స్పర్శ లేదు కనుక అతనికి నొప్పి తెలియలేదు. వాసన వచ్చాక మాకు తెలిసింది. అది మానడానికి ఏడు నెలలు పట్టింది.

ఆ తర్వాత కాట్పాడిలో రైలు దిగి రాయవేలూరు సీఎంసీ ఆసుపత్రికి వెళ్లాం. అక్కడి పునరావాస కేంద్రానికి మూలం డాక్టర్ మేరీ వర్గీస్. 1954లో రోడ్డు ప్రమాదంలో ఆమె కాళ్లు చచ్చుబడ్డాయి. చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. ఆమె పూనికతోనే 1966లో ఆ కేంద్రం వచ్చింది. అక్కడి థెరపిస్టు అతనితో పాటు నాకూ పని నేర్పింది. చర్మం ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదలాలి. తెల్లబడి మళ్లీ రంగు వస్తే ఫరవాలేదు. నొక్కినా ఎరుపు అలాగే ఉంటే లోపల పుండు మొదలైనట్టే, ఆ పక్కన ఇక పడుకోబెట్టకూడదు. మన రంగు ఒంటి మీద ఎరుపు సరిగా కనపడదు. అందుకని చేతి వెనకవైపు ఆనించి వేడి చూడాలి, గట్టిపడిందేమో తడమాలి. లుడ్విగ్ గట్‌మన్ అనే డాక్టరు 1944 నుంచి ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో చేయించింది ఇదే పని. పగలూ రాత్రీ రెండు గంటలకోసారి రోగిని తిప్పించాడు. అంతకుముందు వెన్ను విరిగినవాళ్లు ఎక్కువమంది పుండ్లతో, మూత్రం ఇన్ఫెక్షన్లతో పోయేవారు.

చెట్లెక్కిన చేతులు అతనికి అక్కరకొచ్చాయి. ఊరి వడ్రంగి నున్నగా చిత్రిక పట్టిచ్చిన చెక్కను మంచానికీ కుర్చీకీ మధ్య వేస్తే, రెండు చేతుల మీద ఒళ్లంతా లేపి జరుగుతాడు. మోకు పట్టి మీదికి పాకిన బలం ఇంకా భుజాల్లోనే ఉంది.

ఒకరోజు అతని కుడికాలు దానంతటదే ఎగిరి తన్నుకుంది. వాళ్లమ్మ సంతోషం పట్టలేక ఎల్లమ్మకు మేకను మొక్కుకుంది. మెదడు కబురు అందకున్నా వెన్నుపాము తనంతట తానే కండరాలను బిగిస్తుందని, అది బాగవడం కాదని నాకప్పటికే తెలుసు. ఆమెకు చెప్పడానికి వారం పట్టింది. విని చాలాసేపు మాట్లాడలేదు. “కాలు కదలకున్నా కొడుకున్నడు గద బిడ్డా” అని మేకను కోసే మొక్కు తీర్చింది.

మొదటి నెలలో ఇల్లు పట్టనంత మంది వచ్చారు. ఆపిల్ పండ్లు, హార్లిక్స్ డబ్బాలు, ‘నడుస్తవ్ లే’ అన్న మాట. ఆరో నెలకు వాకిలి ఖాళీ అయింది. తాము చెప్పిన మాటకూ కళ్లెదుటి కాళ్లకూ పొంతన కుదరక మొహం చాటేశారేమో. వాళ్లను తప్పుపట్టలేను, నేనూ అదే మాట అన్నాను. ఒకనాడు అతనే ఆపాడు. “గా ముచ్చట బంద్ చెయ్యిరా. జర ఎడమ మడిమె చూడు.” అప్పటి నుంచి మా మధ్య ధైర్యం చెప్పే మాటలు లేవు. వారానికో రాత్రి నాది. పెళ్లిళ్లున్నా వానలున్నా నాదే. ముందుగా తెలిస్తేనే అతని భార్య పుట్టింటికి వెళ్లిరాగలదు, జ్వరమొస్తే పడుకోగలదు. ఎప్పుడో ఒకసారి వచ్చిపోయే ప్రేమ ఆ ఇంటికి అక్కరకు రాదు.

పోయిన శనివారం రెండింటికి తిప్పి, టార్చి వేసి మడమ నొక్కి చూశాను.

“రంగొచ్చిందా?” అన్నాడు చీకట్లో.

“వచ్చింది.”

“లైటు బంద్ చెయ్యి మరి. నాలుగింటిదాక పండుకో.”