బానిసత్వమా, ఒప్పందమా?

మారిషస్ దీవిలో పాంప్లెమూస్ సమీపాన బో ప్లాన్ అనే పాత చక్కెర మిల్లు ఉన్నది. 1999లో మూతపడిన ఆ మిల్లు 2002 నుండి ప్రదర్శనశాలగా నడుస్తున్నది. సందర్శకుడు యంత్రాలను చూసి, బానిసల, వలసకూలీల చరిత్ర చదివి, చివరకు రకరకాల చక్కెరల రుచి చూసి బయటికి వస్తాడు. ఆ చెరకు నరికిన కూలీ కూడా బానిసేనా అన్న ప్రశ్న మాత్రం అతణ్ణి వదలదు. హ్యూ టింకర్ 1974లో తన గ్రంథానికి ‘నూతన బానిస వ్యవస్థ’ అని పేరు పెట్టి దానికి జవాబిచ్చాడు. ఆ మాట ఆయన సొంతం కాదు. 1840లో బ్రిటిష్ వలసల మంత్రి లార్డ్ జాన్ రస్సెల్ వెలిబుచ్చిన భయమే అది.

ఈ వాదానికి ఆధారాలు బలమైనవే. 1835లో మారిషస్‌లో బానిసత్వం రద్దయినప్పుడు నష్టపరిహారం యజమానులకు ముట్టింది, విముక్తులకు దక్కలేదు. ఆ తోటలకు కలకత్తా, మద్రాసు రేవులనుండి, గోదావరి ముఖాన ఉన్న కోరంగినుండి కూలీలను ఓడలెక్కించారు. నెలకు 5 రూపాయల జీతం, తిండిగింజలు, 5 ఏండ్ల ఒప్పందం. ఒకరోజు పని మానితే రెండురోజుల జీతం కోత. 1867 చట్టం వచ్చాక చీటీ లేక బయట తిరిగినవానికి జైలు.

అయినా గ్రంథకర్త కూలీల బాధను కొలిచినంత శ్రద్ధగా వారి హక్కును కొలవలేదు. బానిస బిడ్డ బానిసగా పుట్టాడు. కూలీ బిడ్డ స్వతంత్రుడుగా పుట్టాడు. 1880 ప్రాంతాల్లో పెద్దతోటలు ముక్కలుగా అమ్ముడైనప్పుడు ఎందరో కూలీలు భూమి కొన్నారు. ఊరికి తిరిగివచ్చిన కూలీలే తమవారిని వెంటబెట్టుకుపోయిన సంగతిని మరీనా కార్టర్ 1995 నాటి గ్రంథంలో చూపింది. ఇద్దరికీ ఒకే పేరు పెడితే, సంతలో అమ్ముడైన ఆఫ్రికా మనిషి కోల్పోయినదెంతో మరుగున పడుతుంది.

ఇక్కడ ఇస్లామీయ న్యాయశాస్త్రంలోని ‘ముకాతబ’ ఒక కొలబద్ద కాగలదు. విముక్తి కోరిన బానిసతో, అతనిలో మేలు కనిపిస్తే, పత్రం రాసుకొమ్మని, అతనికి ధనసహాయం చేయమని నూర్ సూరా 33వ ఆయతు ఆదేశిస్తున్నది. ఆ పత్రం విడుదలకు. కూలీలు ‘గిర్మిట్’ అని పలికిన పత్రమో, స్వతంత్రుణ్ణి కట్టివేయడానికి. స్వతంత్రుణ్ణి అమ్మి సొమ్ము తిన్నవానికి, పని చేయించుకొని కూలి ఎగ్గొట్టినవానికి ప్రళయదినాన అల్లాహ్ స్వయంగా ప్రతివాది అవుతాడని బుఖారీ హదీసు తెలుపుతున్నది. నేరాలు రెండు, నిలబడవలసిన న్యాయస్థానం ఒక్కటే.

అయితే ఈ కొలబద్ద ముందుగా ముస్లిముల చరిత్రకే వర్తించాలి. 19వ శతాబ్దంలో జాంజిబార్ లవంగతోటలను బానిసలచేత సాగుచేయించిన ఒమానీ యజమానులు ముస్లిములే. బానిసత్వం సౌదీ అరేబియాలో 1962లో, మౌరిటానియాలో 1981లో గాని రద్దు కాలేదు.

నల్లమాడ పాఠకునికి ఇది దూరదేశపు కథ కాదు. అప్పుకింద ఏళ్లతరబడి చాకిరి చేసే జీతగాళ్లను ఈ సీమ ఎరుగును. అలాంటి వెట్టిని 1976 నాటి చట్టం నిషేధించింది. కదిరి, కడప ప్రాంతాలనుండి గల్ఫ్ ఇళ్లలో పనికి పోయే ఆడవారి చేతిలోనూ ఒప్పందపత్రం ఉంటుంది. పాస్‌పోర్టు లాక్కొని జీతం బిగబట్టే యజమాని నమాజు చేసేవాడైనంత మాత్రాన ఆ హదీసు అతణ్ణి మినహాయించదు.