చిట్టాకెక్కని పద్దులు: బ్లూస్ పాట, ముత్యాల పాట, మన పాట

బ్లూస్ అంటే ఏడుపు పాట అని మనలో చాలామందికి ఒక అభిప్రాయం ఉంది. అమెరికాలో కొన్నాళ్ళుండి వచ్చిన మిత్రులు కూడా "బానిసల శోకాలు కదా" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. మనం ఉంటున్న ఈ ఖతార్‌లో పూర్వం ముత్యాల పడవల మీద పాడిన పాటల మాట వస్తే "పడవవాళ్ళ కేకలు" అంటారు. మన ఊళ్ళ నాట్ల పాటల మాట వస్తే "పామరుల పాటలు, పాపం" అంటారు. మూడు తీర్పులూ మూడు చోట్ల పుట్టినా వాటి తల్లి ఒకటే, జాలి. జాలిపడే చెవికి పాట వినబడదు, మూలుగు మాత్రమే వినబడుతుంది. ఈ మూడు పాటలూ మూలుగులు కావనీ, తీర్చి దిద్దిన కట్టడాలనీ చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఈ మూడింటినీ కలిపే తాడు ఏమిటో చూద్దాం. అది బానిసత్వం అని అందరూ అనుకుంటారు. ఒక మేరకు నిజమే. కాని అంతకంటె దగ్గరి తాడు అప్పు. అమెరికాలో బానిసత్వం 1865లో చట్టరీత్యా పోయింది. బ్లూస్ పుట్టింది ఆ తరువాత, సుమారు 1890ల నుంచి, మిసిసిపి డెల్టా పత్తి చేలల్లో. అప్పటికి నల్లజాతి రైతు బానిస కాదు, కౌలుదారు. విత్తనాలూ, తిండిగింజలూ దొర ముందుగా అప్పిస్తాడు. పత్తి అమ్మాక ఏడాది చివర లెక్క చూస్తాడు. చిట్టా దొర దగ్గరే ఉంటుంది, రాసేది కూడా ఆయనే. ఎంత పండినా పద్దు తేలదు. మన పాలేర్లకు, జీతగాళ్ళకు ఈ లెక్క కొత్త కాదు.

ఇప్పుడు గల్ఫ్ తీరానికి రండి. ఇక్కడ ముత్యాల వేట పెద్ద కారు జూన్ నుంచి సెప్టెంబరు దాకా, దాదాపు నాలుగు నెలలు. పడవకు అధిపతి నఖుదా. నీట మునిగేవాడు గైస్, పైనుంచి తాడు లాగేవాడు సైబ్. గైస్ ముక్కుకు తాబేటి చిప్పతోనో ఎముకతోనో చేసిన క్లిప్పు పెట్టుకొని, కాలికి రాయి కట్టుకొని దిగేవాడు. కారు మొదట్లో నఖుదా ఇంటి ఖర్చుకు బయానా ఇస్తాడు. చివర ముత్యాలమ్మి వాటాలు తీస్తాడు. ఆ వాటా బయానాకు సరిపోకపోతే అప్పు మరుసటి ఏటికి జరుగుతుంది. తండ్రి పోతే కొడుకు నెత్తిన పడిన ఊళ్ళూ ఉన్నాయి. బహ్రెయిన్‌లో వైద్యం చేసిన పాల్ హారిసన్ అనే మిషనరీ డాక్టరు తన 1924 నాటి పుస్తకంలో అరబ్బుల బతుకుతోపాటు ఈ అప్పుల ఉచ్చును గూర్చి కూడా రాశాడు. ఆ రోజుల్లోనే బహ్రెయిన్‌లో ప్రతి గజ ఈతగాడికీ విడిగా లెక్కల పుస్తకం ఇవ్వాలని సంస్కరణ తేవలసి వచ్చిందంటే అంతకు ముందు లెక్క ఎవరి నోట్లో ఉండేదో ఊహించవచ్చు. మునిగేవాళ్ళలో తూర్పు ఆఫ్రికానుంచి తెచ్చిన బానిసలు కూడా ఉండేవారు, వాళ్ళ వాటా యజమానికి పోయేది. ఖతార్‌లో బానిసత్వం రద్దయింది 1952లో. దోహాలో ముషైరిబ్ దగ్గర బిన్ జెల్మూద్ ఇల్లు అని ఒక మ్యూజియం 2015లో తెరిచారు. ఒకప్పటి బానిసల వర్తకుడి ఇంట్లోనే బానిసత్వ చరిత్రను పెట్టారు. పిల్లల్ని మాల్‌కు తీసుకుపోయే శుక్రవారాల్లో ఒక్కటి దానికి కేటాయించమని మా మనవి.

ఈ ముత్యాలు ఎక్కడికి పోయేవి? బొంబాయికి. అక్కణ్ణుంచి మన హైదరాబాదుకు కూడా. మన అమ్మమ్మలు "బస్రా ముత్యాలు" అని ముచ్చటగా చెప్పుకొన్నవి ఈ నీళ్ళలోవే. ఆ హారాల వెనుక ఒక పాట ఉందని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

ఇక పాట నిర్మాణం. ఇక్కడ కాస్త నెమ్మదిగా నడుద్దాం. మన సంగీతం తెలిసినవాళ్ళకు బ్లూస్ కష్టమేమీ కాదు. ఎక్కువగా కనిపించే మూసలో పన్నెండు ఖండికలు, ఖండికకు నాలుగు దెబ్బలు, మొత్తం నలభై ఎనిమిది. ఆది తాళంలో చెప్పుకుంటే ఆరు ఆవర్తాలు. సాహిత్యం మూడు పాదాలు. మొదటి పాదం పాడతారు, దాన్నే మళ్ళీ పాడతారు, మూడో పాదం జవాబు చెబుతుంది. ప్రతి పాదమూ తన వాటా కాలంలో దాదాపు సగంలోనే ముగుస్తుంది. మిగిలిన సగం గిటారుకు విడిచిపెడతారు. అంటే పాడేవాడు ఒక్కడే అయినా వంత పాడేవాడు పక్కనే ఉన్నట్టు లెక్క. బుర్రకథలో కథకుడి మాటను అందుకునే వంతగాణ్ణి తలుచుకుంటే ఇది సులభంగా పట్టుబడుతుంది. అక్కడ ఒక వంత హాస్యం చెబుతాడు, రెండో వంత రాజకీయం చెబుతాడు. బ్లూస్‌లో ఆ రెండూ మూడో పాదంలోనే దాగి ఉంటాయి. మొదటి పాదాన్ని రెండుసార్లు పాడడం మాటలు దొరక్క కాదు. వినేవాణ్ణి ఊరించడానికీ, జవాబును అక్కడికక్కడ అల్లుకోవడానికీ. దుఃఖం చెప్పి, మళ్ళీ చెప్పి, మూడోసారి దాన్ని ఒక చమత్కారంతో మెలిపెట్టి వదులుతారు. ఏడ్చేవాడికి ఇంత లెక్క ఉండదు.

స్వరం సంగతి చూడండి. సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ నడుమ ఒక చోట గొంతు ఊగుతుంది. పియానో మెట్లమీద ఆ చోటు లేదు గనుక పాశ్చాత్య విమర్శకులు మొదట అపస్వరం అన్నారు. గమకం తెలిసిన మనం అనకూడదు. ఈ గొంతు నడకకు మూలం పశ్చిమాఫ్రికాలో ఇస్లాము వ్యాపించిన ప్రాంతాల గాన పద్ధతిలో ఉండవచ్చునని గెర్హార్డ్ కూబిక్ వంటి పరిశోధకులు వాదించారు. సిల్వియన్ డియూఫ్ అనే చరిత్రకారిణి 1947లో మిసిసిపి పార్చ్‌మన్ జైలులో రికార్డు చేసిన ఒక కూలిపాటనూ, అజాన్‌నూ పక్కపక్కన వినిపించి పోలిక చూపింది. పోలిక రుజువు కాదు. కాని రోజుకు ఐదుసార్లు ఆ పిలుపు వినే మనకు ఈ పోలికను పరీక్షించే వీలు ఇంట్లోనే ఉంది. ఒక సాయంత్రం కిటికీ తీసి విని చూడండి.

ముత్యాల పాటలో మరో అద్భుతం ఉంది. పెద్ద పడవల మీద నహ్హామ్ అనే గాయకుడు ఉండేవాడు. తెరచాప ఎత్తడానికి ఒక పాట, తెడ్డు వెయ్యడానికి ఒక పాట, లంగరు లాగడానికి ఒక పాట. అతనికీ రాబడిలో వాటా ఉండేది. అంటే పాట వినోదం కాదు, కొలువు. కారు ముగిశాక ఒడ్డున గుమిగూడి పాడుకునేది ఫిజిరీ. చప్పట్లు, చిన్న డోళ్ళు, తాళాలు, నీళ్ళు తెచ్చుకునే మట్టి కూజా, ఇవే వాద్యాలు. నహ్హామ్ గొంతు పైకి పోతుంటే తక్కినవాళ్ళంతా కడుపులోంచి ఒక మంద్ర శ్రుతి పట్టి నిలుపుతారు. మనం తంబురా మీద పట్టే శ్రుతిని వాళ్ళు మనుషులతో పట్టారు. బహ్రెయిన్ ప్రతిపాదనపై యునెస్కో 2021లో ఫిజిరీని తన వారసత్వ జాబితాలో చేర్చింది. ఆఫ్రికా సంతతివారి తంబూరా ఆట వేరు. అది ఆరు తంతుల వాద్యం, పేరుకే మన తంబురాకు చుట్టం. మేకగిట్టలు కుట్టిన పట్టీ నడుముకు కట్టి ఆడతారు. జబ్బు మాన్పే తంతుతో దానికి సంబంధం ఉంది. డాక్టర్లమని మేము నవ్వబోము. బోనాల పూనకాలు చూసిన ఊళ్ళవాళ్ళం.

ఇప్పుడు కట్టుకథల సంగతి. రాబర్ట్ జాన్సన్ 1936, 1937లలో ఇరవైతొమ్మిది పాటలు రికార్డు చేసి, 1938 ఆగస్టు 16న ఇరవైయేడేళ్ళకే పోయాడు. నాలుగు దారుల కూడలిలో సైతానుకు ఆత్మనమ్మి విద్య నేర్చాడని లోకమంతా చెప్పుకుంటుంది. నిజానికి ఆ కథ ముందు చెప్పింది టామీ జాన్సన్ అనే మరో గాయకుణ్ణి గూర్చి, చెప్పినవాడు అతని అన్నే. రాబర్ట్‌కు గురువు ఐక్ జిమ్మర్‌మన్ అనే మనిషి. వాళ్ళు రాత్రిళ్ళు శ్మశానంలో సాధన చేసేవారట, ఎవరి నిద్రా చెడకుండా. ఫిజిరీకి కూడా ఇటువంటి కథే ఉంది. కొందరు మనుషులు రాత్రిపూట జిన్నుల దగ్గర దొంగచాటుగా విని నేర్చారని. మనమూ కాళిదాసు నాలుక మీద కాళి బీజాక్షరాలు రాసిందంటాం. కథలు అందమైనవే. పాడేవాళ్ళు తమ విద్యకు గొప్ప తెచ్చుకోవడానికి చెప్పుకుంటే అది వాళ్ళ హక్కు. వినేవాళ్ళు పట్టుకు వేళ్ళాడితే మాత్రం గురువు పోతాడు, సాధన పోతుంది, అప్పు పోతుంది, సైతాను మిగులుతాడు.

మా వృత్తికి దగ్గరగా ఉన్న కట్టుకథ మరొకటి ఉంది. గొప్ప గాయని బెస్సీ స్మిత్ 1937 సెప్టెంబరు 26న మిసిసిపిలో క్లార్క్స్‌డేల్ దగ్గర కారు ప్రమాదంలో పోయింది. తెల్లవాళ్ళ ఆసుపత్రి చేర్చుకోక రక్తం కారి చనిపోయిందని పత్రికలో వచ్చింది. దానిమీద ఎడ్వర్డ్ ఆల్బీ నాటకం కూడా రాశాడు. 1972లో క్రిస్ ఆల్బర్ట్‌సన్ జీవిత చరిత్ర రాస్తూ ఆరా తీశాడు. దారిన పోతున్న ఒక తెల్ల డాక్టరు రోడ్డుమీదే ఆమెను చూశాడు. చెయ్యి మోచేతి దగ్గర దాదాపు తెగింది, రక్తం బాగా పోయింది. అంబులెన్సు ఆమెను నేరుగా నల్లవాళ్ళ ఆసుపత్రికే తీసుకుపోయింది. అక్కడ చెయ్యి తీసివేశారు, ఆమె దక్కలేదు. అయితే నేరమేమీ లేదా? ఉంది. నల్లమనిషిని తెల్లవాళ్ళ ఆసుపత్రికి తీసుకుపోవాలన్న ఊహే ఎవరికీ రాని కాలం అది. కాదనేవాడితో పని లేనంత గట్టిగా గోడ కట్టుకున్నారు. ఇది కట్టుకథకంటె భయంకరమైన నిజం. ఆమె సమాధిమీద 1970 వరకు రాయి కూడా లేదు.

పేరులేనితనమే ఈ చరిత్ర పొడుగునా ఉన్న జబ్బు. డబ్ల్యు.సి. హాండీ 1903 ప్రాంతంలో టట్‌విలర్ రైల్వే స్టేషనులో ఒక మనిషి తంతులమీద చాకు రుద్దుతూ పాడడం విన్నాడు. హాండీ తరువాత బ్లూస్ అచ్చువేసి "బ్లూస్ పిత" అనిపించుకున్నాడు. పాడిన మనిషి పేరు ఎవరికీ తెలియదు. మిసిసిపి జాన్ హర్ట్ 1928లో రికార్డులిచ్చాడు. 1963లో అభిమానులు వెదికి "కనుగొన్నారు". ఆయన తప్పిపోయిందెప్పుడు? తన ఊళ్ళోనే పొలం పని చేసుకుంటున్నాడు. మనవాళ్ళ తీరు ఇంతకంటె గొప్పగా లేదు. బిరుదురాజు రామరాజుగారు 1950లలో జానపద గేయాలను గూర్చి అంత శ్రమపడి పరిశోధన చేసి దారి వేశారు. అయినా ఈనాటికీ వేదికలమీద "జానపదం" అనేసి ఊరుకుంటాం. పాట కట్టినామె పేరు అడగం.

ఆడవాళ్ళ మాట విడిగా చెప్పాలి. బ్లూస్‌ను ముందు రికార్డుకెక్కించింది మగవాళ్ళు కాదు. మేమీ స్మిత్ 1920లో, మా రెయినీ, బెస్సీ 1923లో. గల్ఫ్ తీరంలో పడవలు తిరిగి రావడం ఆలస్యమైతే ఆడవాళ్ళు సముద్రాన్ని కోప్పడుతూ పాడేవారు. ఉత్తర తెలంగాణలో బతుకమ్మ చుట్టూ తిరిగే ఆడవాళ్ళు దుబాయి పోయినవాణ్ణి గూర్చి పాడుతున్నారు. అక్కడ గల్ఫ్ మొత్తానికీ పేరు దుబాయే. "బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి" అని నానుడి. మూడు తరాల వలస చరిత్రను మూడు మాటల్లో, ప్రాసతో, ఒక చేదు నవ్వుతో చెప్పారు. ఇందులో బ్లూస్ గుణమంతా ఉంది.

ఇక అసలు విషయం. సనయ్య అని వాళ్ళు పిలుచుకునే ఇండస్ట్రియల్ ఏరియా గదుల్లో జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు, గోదావరి జిల్లాలవాళ్ళు ఉన్నారు. చట్టం వద్దన్నా ఊళ్ళో ఏజెంటుకు కట్టిన డబ్బు అప్పుగా మోస్తూ వస్తారు. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం ఎండలో బయట పని కూడదని ఇక్కడి నియమం. అవి ముత్యాల కారు నెలలే. ఎండదెబ్బతో, మూత్రపిండాల్లో రాళ్ళతో వాళ్ళు మా దగ్గరకు వస్తారు. పేరు, వయస్సు రాయకుండా మేము కేసు షీటు మొదలుపెట్టం. కాని మన ఉగాది వేదికమీద వాళ్ళకు పేరుందా? త్యాగరాజ కృతి పాడిన అమ్మాయి పేరు కరపత్రంలో అచ్చవుతుంది. చివర "కార్మిక సోదరుల జానపదం, పది నిమిషాలు" అని ఉంటుంది, అదీ ఉన్న ఏడు. కాదన్నవాళ్ళెవరూ లేరు. క్లార్క్స్‌డేల్‌లో లాగే, అడగాలన్న ఊహే రాలేదు.

కనుక సంఘానికి మా సూచన మూడు ముక్కలు. వచ్చే ఉగాదికి ఆ గాయకులకు కార్యక్రమం నడుమ అరగంట ఇవ్వండి, చివర కాదు. పాడినవాళ్ళ పేరు, ఊరు, పాట కట్టింది ఎవరో తెలిస్తే వాళ్ళ పేరు కూడా అచ్చువెయ్యండి. నహ్హామ్‌కు పడవలో వాటా ఉన్నట్టు వీళ్ళకూ పారితోషికం ఇవ్వండి. రికార్డు చెయ్యడానికి ఇప్పుడు పెద్ద యంత్రాలక్కర్లేదు, ప్రతి జేబులోనూ ఫోను ఉంది. వాళ్ళ అప్పు పద్దు ఏదో ఒక చిట్టాలో ఎలాగూ ఉంటుంది. పాట పద్దు రాసే చిట్టా మాత్రం ఇంకా ఎవరూ తెరవలేదు.