జీళ్ల పాకం, చెమ్మ లెక్క

రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం వెళ్లొచ్చిన ఇంట్లో బెల్లానికి కొదవుండదు. సమ్మక్క సారలమ్మలకు మొక్కేది బంగారమే, ఆ బంగారం బెల్లమే. 2024 ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా సాగిన జాతరలోనూ ఒంటి బరువుకు సరితూగే నిలువెత్తు బంగారం గద్దెల దగ్గరికి చేరింది. పినపాక, మణుగూరు వైపు నుంచి వెళ్లినవాళ్లు అందులోంచి ప్రసాదంగా తెచ్చుకున్న ముక్కలు ఇరుగుపొరుగుకు పంచగా ఇంకా మిగులుతాయి. ఆ మిగిలినదాంతో ఏం చేద్దామని ఎవరైనా అడిగితే నా ఓటు జీళ్లకే.

జీళ్లు జాతర సరుకు. బండి మీద గుట్టగా పోసి అమ్మితే కొనుక్కుని నమలడమే తప్ప ఇంట్లో చేసేవాళ్లు అరుదు. అరిసెల పాకం పట్టడానికి వెనకాడని చేతులు కూడా జీళ్ల పాకం అనగానే వెనక్కి తగ్గుతాయి. నిజానికి అందులో వేసేవి బెల్లం, నువ్వులు, కాస్త నెయ్యి. ఇంత చిన్న జాబితాలో తప్పు జరగడానికి చోటెక్కడుంది? నీళ్లలో ఉంది. మిఠాయి పని అంతా నీళ్లను వెళ్లగొట్టే పనే. ఎంత వెళ్లింది, ఎంత మిగిలింది, వెళ్లింది మళ్లీ ఎటునుంచి వస్తోంది అన్నది కనిపెట్టగలిగితే కొలతలు కొంచెం అటూఇటూ అయినా జీళ్లు కుదురుతాయి.

ముందు బెల్లం సంగతి. పాకానికి కొత్త బెల్లం కావాలి. వానాకాలమంతా గాలి తగిలి చెమ్మ లాగిన దిమ్మ, నాలుకకు ఉప్పగా తగిలే దిమ్మ పాకానికి రావు. మరీ పచ్చగా మెరిసే బెల్లాన్ని నేను నమ్మను. ఆ మెరుపు చాలాసార్లు హైడ్రోస్ అనే రసాయనం చలవ. ముదురు గోధుమరంగుది, విరిస్తే లోపల పలుకు కనిపించేది మంచిది. అలాగని నల్లబెల్లం జోలికి పోవద్దు. అది గుడుంబా బట్టీలకు పోతుందని ఎక్సైజ్ వాళ్ల కన్నెప్పుడూ దానిమీదే ఉంటుంది, పైగా పాకమూ సరిగా రాదు.

కిలో బెల్లాన్ని దంచి, కరగడానికి సరిపడా నీళ్లు మాత్రమే పోయాలి. ఒక గ్లాసు చాలు. ఎక్కువ పోస్తే పాకం చెడిపోదు గానీ, ఆ నీళ్లన్నీ మళ్లీ ఆవిరి కావాలి, అంతసేపు మనం మంట ముందు నిలబడాలి. కరగగానే పలచటి బట్టలో వడకట్టడం మరిచిపోవద్దు. బెల్లంలో ఇసుక ఉంటుంది, జీడిలో పంటికి తగిలేది అదే. గిన్నె అడుగు మందంగా ఉండాలి, మంట ఒక్కతీరుగా ఉండాలి. కట్టెల పొయ్యి అయితే చివర్లో ఒకటి రెండు కట్టెలు వెనక్కి లాగాలి.

ఇక పాకం చూడటం. పక్కన గిన్నెలో చల్లని నీళ్లు పెట్టుకుని మధ్యమధ్య ఒక్కో చుక్క వేసి చూస్తారు. మొదట ఆ చుక్క నీళ్లలో కరిగిపోతుంది. కాసేపటికి రెండు వేళ్ల మధ్య తీగ సాగుతుంది. ఇంకాసేపటికి మెత్తటి ఉండ అవుతుంది, అరిసెలకు దించే పాకం ఇదే. తర్వాత ఉండ గట్టిపడి, నొక్కితే లొంగదు. జీళ్లకు అదీ చాలదు. నీళ్లలోంచి తీసిన ముక్క వంచితే కాస్త వంగి, ఇంకా వంచితే పుటుక్కున విరగాలి. పళ్లెం మీద వేస్తే ఠంగుమనాలి. చక్కెర పాకం మీద మిఠాయి తయారీదారులు కట్టిన లెక్క ప్రకారం మెత్తటి ఉండ వచ్చేది 112 నుంచి 116 సెల్సియస్ డిగ్రీల మధ్య, అప్పటికి నీరు నూటికి 15 పాళ్లు మిగిలి ఉంటుంది. 140 దగ్గర మిగిలేది సుమారు 5 పాళ్లు. పాకంలో నీరు తగ్గేకొద్దీ అది మరిగే వేడి పెరుగుతుంది కాబట్టి థర్మామీటరు చెప్పేదీ నీటి సంగతే. నీళ్లగిన్నె కూడా ఆ మాటే చెబుతుంది, పైసా ఖర్చు లేకుండా. బెల్లంలో చక్కెర కాని పదార్థాలుంటాయి, చక్కెర కంటే ముందే మాడుతుంది. అందుకే బెల్లం పాకం దగ్గర అంకెను కాక చుక్కనే నమ్మమంటాను. చుక్క వేసిన ప్రతిసారీ గిన్నెను పొయ్యి మీంచి పక్కకు దించడం మంచిది. మనం పరీక్షించే ఆ అరనిమిషంలోనే పాకం ముదిరిపోతుంది.

నెయ్యి రాసిన పెద్ద తాంబాళంలో పాకం కుమ్మరించాక అంచులు ముందు గట్టిపడతాయి. వాటిని గంటెతో లోపలికి మడుస్తూ ఉండాలి. చేయి పట్టగలిగే వేడికి రాగానే అసలు పని మొదలవుతుంది. అరచేతులకు నెయ్యి రాసుకుని ముద్దను సాగదీయాలి, మడవాలి, మళ్లీ సాగదీయాలి. జీళ్లు చేసేవాళ్లు గుంజకు గట్టి మేకు దిగ్గొట్టి, ముద్దను దానికి తగిలించి లాగుతారు. ఇంట్లో అయితే ఇద్దరు ఎదురెదురుగా నిలబడి చెరో కొస పట్టుకుంటే సరి. లాగిన ప్రతిసారీ గాలి సన్నటి బుడగలై లోపల చిక్కుకుంటుంది. నల్లగా, అద్దంలా ఉన్న ముద్ద చూస్తుండగానే రాగిరంగుకి, అక్కణ్నుంచి లేత బంగారు రంగుకి తిరుగుతుంది. ఆ బుడగలే జీడిని పంటికి లొంగేట్టు చేస్తాయి. లాగకుండా వదిలేస్తే మిగిలేది బెల్లం రాయి. మెరుపు తగ్గి పట్టులాంటి నిగారింపు వచ్చాక, వేయించిన నువ్వుల్లో దొర్లించి, వేలెడు లావున తాడుగా సాగదీసి, నెయ్యి రాసిన కత్తెరతో ముక్కలు చేయాలి. మధ్యలో బిగుసుకుపోతే కంగారొద్దు, పొయ్యి సెగకు కాసేపు పెడితే మళ్లీ లొంగుతుంది.

ఇదే గాలి కిటుకును అమెరికా దక్షిణ రాష్ట్రాలవాళ్లు ఇంకో దారిలో సాధించారు. క్రిస్మస్ రోజుల్లో అక్కడి ఇళ్లలో డివినిటీ అని తెల్లటి మిఠాయి చేస్తారు. 127 డిగ్రీల దాకా కాచిన చక్కెర పాకాన్ని, నురగ నిలబడేదాకా గిలకొట్టిన గుడ్డు తెల్లసొనలోకి సన్నని ధారగా పోస్తూ, మెరుపు పోయేదాకా గిలకొడతారు. పీకాన్ పప్పు కలిపి చెంచాతో ముద్దలు పెడతారు. వట్టి చక్కెర పాకం పెద్ద పలుకులు కట్టే స్వభావం గలది కనుక కార్న్ సిరప్ కూడా కలుపుతారు. అక్కడి ఇళ్లలో పేరుపడిన కారో సిరప్ 1902లో మార్కెట్లోకి వచ్చింది. మన బెల్లానికి ఆ సాయం అక్కర్లేదు. గ్లూకోజు, ఫ్రక్టోజు అందులో ముందే ఉండి పలుకు కట్టనివ్వవు. ఎవరైనా ఇక్కడ డివినిటీ చేయాలనుకుంటే బేకరీ సామాన్ల దుకాణంలో దొరికే లిక్విడ్ గ్లూకోజు సరిపోతుంది. పీకాన్ల బదులు పల్లీలు వేస్తే నాకైతే ఇంకా ఇష్టం.

వాన రోజున డివినిటీ చేయొద్దని అక్కడి ఆడవాళ్లు చెప్పుకుంటారు. గోదావరి ఒడ్డున, అడవి అంచున ఉన్న మన ఊళ్లలో ఆ జాగ్రత్త రెండింతలు అవసరం. పాకంలోంచి మనం వెళ్లగొట్టిన నీటిని గాలి తిరిగి తెచ్చిపెడుతుంది. పలుకు కట్టనివ్వని ఆ ఫ్రక్టోజే చెమ్మను కూడా తొందరగా లాగుతుంది. శ్రావణ భాద్రపదాల్లో చేసిన జీళ్లు తెల్లారేసరికి ఒకదానికొకటి అతుక్కుని ఒకే ముద్దవుతాయి. చలికాలం, లేదంటే జాతర ముగిసిన మాఘ ఫాల్గుణాలే వీటికి అదను. పూర్తిగా ఆరాక, పైన పొడి బియ్యప్పిండి చల్లి, గాలి చొరబడని డబ్బాలో పెట్టాలి. వేడి మీద మూత పెడితే ఆవిరే చెమ్మవుతుంది.

ఫాల్గుణం దాటితే ఇక్కడి అడవిలో వేరే తీపి రాలుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో రాత్రంతా రాలిన ఇప్పపువ్వును కోయ ఆడవాళ్లు తెల్లవారకముందే చెట్టు కిందికి చేరి ఏరుకుంటారు. ఎండబెట్టిన ఆ పువ్వును వేయించి, నువ్వులో పల్లీలో కలిపి దంచితే పాకం లేకుండానే ముద్ద కడుతుంది. ఎండిన పువ్వులో సుమారు సగం చక్కెరలే మరి. కాస్త బెల్లం వేసినా అది రుచి కోసమే. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు సంఘంగా ఏర్పడి ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నారు. పాకమంటే భయపడేవాళ్లు అక్కడ మొదలుపెట్టి తర్వాత జీళ్లకు రావచ్చు.

జీళ్లు కుదరకపోతే? మెత్తగా వచ్చి సాగుతుంటే నీరు మిగిలిందని అర్థం. ముక్కలన్నీ గిన్నెలో వేసి రెండు గరిటెల నీళ్లతో కరిగించి మళ్లీ కాస్తే చాలు. నువ్వులు పట్టి ఉంటే వడకట్టాలి. లాగేలోపే బిగుసుకుని సెగకూ లొంగకపోతే, దాన్నీ అలాగే కరిగించి కాచి, వేయించిన పల్లీలు కలిపి తాంబాళంలో పరిచి పల్లిపట్టీ అనొచ్చు, తినేవాళ్లకు తెలియదు. మాడు వాసన వచ్చిన పాకానికి మాత్రం మందు లేదు. ఆ గిన్నెలో నీళ్లు పోసి నానబెట్టి, చల్లారాక తోముకోవడమే.