ఇటుకల లెక్క: పుస్తకంలోనూ, గోడలోనూ

ఘనపరిమాణాల పాఠంలో గోడ లెక్క ఒకటి తప్పక ఉంటుంది. గోడ కొలతలు, ఇటుక కొలతలు ఇచ్చి, ఇటుకలెన్ని కావాలని అడుగుతారు. పెద్ద ఘనపరిమాణాన్ని చిన్నదానితో భాగిస్తే జవాబు వస్తుంది. భాగహారం నేర్పడానికి ఈ లెక్క చాలు. గోడ కట్టడానికి చాలదు.

లెక్క పాతదే. భాస్కరాచార్యుడు 1150లో రచించిన ‘లీలావతి’లో 18 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 3 ఎత్తు గల ఇటుకలతో 8 హస్తాల పొడవు, 5 వెడల్పు, 3 ఎత్తు గల చితి ఉన్నది. 24 అంగుళాలు ఒక హస్తం. జవాబు 2,560 ఇటుకలు. వరుసలెన్ని అని కూడా ఆయన అడిగాడు, అవి 24. చితి అంటే ఇటుకల పేర్పు. పేర్పులో మాలు లేదు కనుక భాగహారం సరిపోతుంది. పాఠ్యపుస్తకాల లెక్కలో పేర్పు గోడగా మారింది. భాగహారం మాత్రం అట్లాగే ఉన్నది.

భద్రాచలానికి ఎగువన, గోదావరి ఒడ్డున ఉన్న పర్ణశాలలో ఒక కుటుంబం 6 మీటర్ల పొడవు, 3 మీటర్ల ఎత్తు, 20 సెంటీమీటర్ల దళసరి గల గోడ కట్టదలచిందనుకోండి. ఘనపరిమాణం 3.6 ఘనమీటర్లు. భారత ప్రమాణాల ఇటుక 19×9×9 సెంటీమీటర్లు. భాగిస్తే సుమారు 2,339 ఇటుకలు. కాని తాపీ మేస్త్రీ ఇటుకల నడుమ ఒక సెంటీమీటరు మాలు వేస్తాడు. అప్పుడు ఒక్కొక్క ఇటుక 20×10×10 చోటును ఆక్రమిస్తుంది. వరుసకు 60 చొప్పున 30 వరుసలు, మొత్తం 1,800. పుస్తకాన్ని నమ్మిన ఇంటివారు 539 ఇటుకలు వృథాగా కొంటారు.

కొన్ని లెక్కలలో ‘మాలుకు పదవ వంతు పోగా’ అని ఉంటుంది. అదీ నిలవదు. పై గోడలో మాలు వాటా 23 శాతం. పదవ వంతు నిజం కావాలంటే సందు నాలుగు మిల్లీమీటర్లే ఉండాలి. ఆ వంతు ఎక్కడిదో విద్యార్థి అడగడు. అడిగే అవకాశం లెక్కలో లేదు.

మాలులోని ఇసుక మరొక పాఠం చెబుతుంది. తడి ఇసుకలో రేణువుల చుట్టూ పలుచని నీటిపొర ఏర్పడి వాటిని ఎడంగా ఉంచుతుంది, ఇసుక ఉబ్బుతుంది. పూర్తిగా నీట మునిగితే ఆ ఉబ్బు పోతుంది. గాజు జాడీలో 20 సెంటీమీటర్ల ఎత్తున తడి ఇసుక పోసి, నీరు నింపి కలిపితే మట్టం 16కు దిగిందనుకోండి. ఉబ్బు 25 శాతమన్న మాట. అటువంటి ఇసుకను కొలిచి కొన్నవాడు వంద గంపలకు సొమ్మిచ్చి ఎనభై గంపలే ఇంటికి తెచ్చుకున్నట్లు. ఒకటికి ఆరు పాళ్ల మాలులో నిజానికి పడేది 4.8 పాళ్ల ఇసుకే. సిమెంటు అదనంగా ఖర్చవుతుంది.

గోదావరి ఇసుక అందుబాటులో ఉన్న పాఠశాలకు ఈ ప్రయోగం కష్టం కాదు. ఉపాధ్యాయుడు మాలు వాటాను ముందుగా ఇవ్వక, సందును కొలిపించి దానిని విద్యార్థులచేతనే రాబట్టించాలి. జవాబు వచ్చిన తరువాత వరుసలు లెక్కించి సరిచూడమనాలి. భాస్కరుడు వరుసలను అడిగినది అందుకు చక్కని దారి చూపుతున్నది. సూత్రం అప్పుడే పరీక్ష కాగితం దాటి గోడ దాకా వస్తుంది.