గంజాయిపై 1894 నాటి నివేదిక: ఒక పరిశీలన

గంజాయిని నిషేధించవలెనా, నియంత్రించవలెనా అను వివాదము నేటిది కాదు. బ్రిటిష్ పార్లమెంటులో ప్రశ్న రాగా, దీనిని తేల్చుటకు 1893లో ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ నియమింపబడినది. ఏడుగురు సభ్యులలో ముగ్గురు భారతీయులు; అధ్యక్షుడు మాక్‌వర్త్ యంగ్. 1,193 మంది సాక్షుల వాఙ్మూలములతో 1894లో నివేదిక వెలువడినది.

అందు మేలైన భాగము ఉన్మాదమును గురించిన అధ్యాయము. గంజాయి మతి చెడగొట్టునని ఆనాడు గట్టి నమ్మకము. ఆసుపత్రుల లెక్కలును అట్లే పలికినవి: 1892లో చేరిన 1,344 మంది మానసిక రోగులలో 222 మందికి గంజాయియే కారణమట! కమిషన్ ఆ అంకెను నమ్మి ఊరకుండలేదు. అది ఎట్లు పుట్టినదో వెదకినది. రోగిని పంపిన పోలీసులో, మేజిస్ట్రేటులో తోచిన కారణము వ్రాయగా, అదియే ఆసుపత్రి పుస్తకములోనికి ఎక్కుచుండెను. ఒక్కొక్క రోగి వృత్తాంతమును తిరిగి విచారింపగా 98 మాత్రమే నిలిచినవి. వానిలోను 37 మందికి ఇతర కారణములు తోడై ఉన్నవి.

మిత వాడకమువలన చెప్పుకోదగిన హాని లేదనియు, అతిగా వాడిన హాని కలుగుననియు, పూర్తి నిషేధముకంటె లైసెన్సులు, పన్నులు మేలనియు నివేదిక తేల్చినది.

ఇందు లోపములు లేకపోలేదు. గంజాయిపై పన్ను రాబడి పొందుచున్న ప్రభుత్వమే విచారణ జరిపించినదని పాఠకుడు మరువరాదు. మత్తు కలిగించు టి.హెచ్.సి. అను పదార్థము నిర్మాణము 1964లోగాని తెలియలేదు. ఎదుగుచున్న మెదడుకు గంజాయి మరింత ప్రమాదకరమని తరువాతి పరిశోధనలు సూచించినవి. కనుక 1894 నాటి తీర్పును నేటి విద్యార్థికి అభయముగా చూపుట తప్పు.

తీర్పు పాతబడినను పద్ధతి పాతబడలేదు. అమెరికాలో కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రముల ప్రజలు 2012లో ఓటు వేసి, 21 ఏండ్లు నిండినవారికి గంజాయిని అనుమతించిరి. మన దేశపు 1985 చట్టము గంజాయిని, చరస్‌ను నిషేధించినను, విడిగా ఉన్న ఆకును ఆ నిర్వచనములో చేర్చలేదు. అందువలన భంగు సంగతి రాష్ట్రములకు మిగిలినది. ఇట్టి మార్పులను కోరువారును, కాదనువారును అంకెలు చూపుదురు. చట్టము సడలిన పిమ్మట ఆసుపత్రిలో గంజాయి కేసులు పెరిగినచో, వాడకము పెరిగినదా, లేక లోగడ దాచిన రోగి ఇప్పుడు నిజము చెప్పుచున్నాడా? అంకెను వాదమునకు వాడుకొనుటకు ముందు ఈ ప్రశ్న వేయవలెను. ఆ అలవాటు నేర్పుటకు ఈ నివేదిక ఉపాధ్యాయులకు చక్కని ఉదాహరణము.